తలుపు వేసినా ఆగని పిలుపు: ఇంట్లో కూర్చుని పనిచేసే ఒక సబ్‌టైటిల్ అనువాదకురాలి కేసు

ఆక్యుపేషనల్ థెరపీ అంటే చాలామందికి పక్షవాతం వచ్చినవాళ్ల చేతికి పట్టు తెప్పించడమో, పిల్లలకు పెన్సిల్ పట్టుకోవడం నేర్పించడమో గుర్తొస్తుంది. నిజానికి మనిషి రోజూ చేయాల్సిన పని చేయలేకపోతుంటే, ఆ అడ్డు ఎక్కడుందో వెతకడమే మా పని. ఆ అడ్డు ఒంట్లో ఉండొచ్చు, పనిలో ఉండొచ్చు, పనిచేసే చోట్లో కూడా ఉండొచ్చు. ఇంటి నుంచి ఫ్రీలాన్సింగ్ చేసేవాళ్లు ఇప్పుడు మెడనొప్పి పేరుతో మా దగ్గరకు వస్తున్నారు. మాట కలిశాక వాళ్లలో చాలామంది అసలు సంగతి చెబుతారు: "కుదురుగా కూర్చుని పని చేసుకోవడానికి చోటు లేదండీ."

అలా వచ్చిన ఒకావిడ కేసు ఇది. ఆవిడ అనుమతితోనే రాస్తున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని వదిలేశాను, కొన్ని మార్చాను.

నేపథ్యం

వయసు ముప్పై దాటింది. హైదరాబాద్‌లో మూడో అంతస్తులో రెండు బెడ్‌రూముల ఫ్లాట్. భర్త ఉదయం తొమ్మిదికి వెళితే రాత్రి ఎనిమిదికి వస్తాడు. రెండో తరగతి చదివే కొడుకు, బీపీ ఉన్న అత్తగారు. పెళ్లయ్యాక కొన్నేళ్లు ఆఫీసులో పనిచేసి, బాబు పుట్టాక మానేసి, తర్వాత ఫ్రీలాన్స్‌గా సబ్‌టైటిల్స్ పని మొదలుపెట్టింది. ఇంగ్లీషు సిరీస్‌లకు తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తుంది, వేరేవాళ్లు రాసినవాటిని సరిచూస్తుంది. పని బాగా చేస్తుందని పేరుంది. ఏజెన్సీ వాళ్లు వాళ్లంతట వాళ్లే ఫైళ్లు పంపేవాళ్లు.

మెడ, కుడి భుజం నొప్పికి చూపించుకుంటే ఫిజియోథెరపిస్ట్ నా దగ్గరకు పంపారు. పగలు డైనింగ్ టేబుల్ మీద, రాత్రి పది నుంచి ఒంటిగంట దాకా మంచం మీద దిండుకు ఆనుకుని లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని చేస్తోంది. అలా చేస్తే మెడ నొప్పి పుట్టకుండా ఉండదు.

వచ్చిన సమస్య

ఆవిడ అడిగింది మాత్రం మెడ గురించి కాదు. వరసగా రెండు ఫైళ్లు ఆలస్యంగా ఇచ్చింది. మూడోది టైముకు ఇచ్చినా తప్పులున్నాయని తిరిగొచ్చింది. టెన్షన్‌తో కొత్త పని ఒప్పుకోవడం మానేసింది. "కో-వర్కింగ్‌లో సీటు తీసుకో" అన్నాడు భర్త, అంటే డబ్బు కట్టి పలువురు పంచుకునే ఆఫీసులో. చూసిన చోట నెలకు 7,000 అడిగారు, దాని మీద 18 శాతం జీఎస్‌టీ కలిపితే 8,260. ఆవిడ ఏడాది ఆదాయం 20 లక్షల దరిదాపుల్లో కూడా లేదు కాబట్టి జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ లేదు, కట్టిన పన్ను వెనక్కి రాదు. అంత పెట్టొచ్చా, పెడితే ఏ సీటు మంచిది అన్నది ఆవిడ ప్రశ్న.

సీటు గురించి అప్పుడే ఏమీ చెప్పలేదు. మా వృత్తిలో 1996 నుంచి వాడుకలో ఉన్న ఒక నమూనా ఉంది: మనిషి, పని, పరిసరం. ఈ మూడూ ఎంత బాగా కలిస్తే చేసే పని అంత బాగుంటుంది. ఆవిడ పరిసరం గురించి అడుగుతోంది. పని సంగతి నాకింకా తెలియదు. తెలియకుండా చోటు చెప్పడం, కొలత తీసుకోకుండా జాకెట్టు కుట్టడం లాంటిది.

పనిని విడదీయడం

వారం పాటు ఒక నోట్‌బుక్‌లో నాలుగు గళ్లు నింపమన్నాను: ఎప్పుడు కూర్చుంది, ఏ పని, ఎక్కడ, ఎందుకు ఆగింది. నాకు కావలసింది నాలుగో గడి.

ఈలోగా పనిని ముక్కలుగా చెప్పించుకున్నాను. ఆవిడ పనిలో నాలుగు రకాలున్నాయి. మొదటిది అసలు అనువాదం: సీన్ వినడం, మాట ఎంచుకోవడం, రెండు లైన్లలో పట్టేలా కుదించడం. రెండోది టైమింగ్: మాట మొదలైన చోట లైను రావాలి, ముగిసిన చోట పోవాలి. మూడోది ఇతరుల ఫైళ్లు సరిచూడటం. నాలుగోది మెయిళ్లు, బిల్లులు.

తిరిగొచ్చిన ఫైలు చూపించమన్నాను. తప్పులన్నీ ఒకే తీరులో ఉన్నాయి. ఒక భార్య మొదటి ఎపిసోడ్‌లో భర్తను "నువ్వు" అంటుంది, నాలుగో ఎపిసోడ్‌లో "మీరు" అంటుంది. ఇంగ్లీషులో రెంటికీ ఒకటే మాట. ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తారో అనువదించేవాళ్లే నిర్ణయించుకుని చివరిదాకా గుర్తుపెట్టుకోవాలి. ఆవిడకు ఇది తెలియక కాదు. అలాంటి నిర్ణయాలు ఒక్క సీన్‌లో పదీ పదిహేను ఉంటాయి, రాసిపెట్టుకునే తీరిక లేక అన్నీ తలలోనే మోస్తోంది. మధ్యలో లేచి వెళ్లి తిరిగొచ్చేసరికి అందులో ఒకటి జారిపోతోంది. టైమింగ్ పని అలా కాదు, ఎక్కడ ఆపితే అక్కడ మళ్లీ మొదలుపెట్టొచ్చు. అంటే ఆవిడ చేసే నాలుగు పనుల్లో అంతరాయానికి విరిగిపోయేది ఒక్కటే. చోటు వెతకాల్సింది ఆ ఒక్కదాని కోసమే.

నోట్‌బుక్ వచ్చింది. నాలుగో గడిలో ట్రాఫిక్, పక్కింటి డ్రిల్లింగ్ మెషీన్, కుక్కలు లాంటివి చాలా తక్కువ. ఎక్కువగా ఉన్నవి ఇవి: కొరియర్. గ్యాస్ అబ్బాయికి కోడ్ చెప్పాలి. అత్తయ్య మాత్ర. వాచ్‌మన్, నీళ్ల ట్యాంకర్ డబ్బులు. స్కూల్ గ్రూపులో మెసేజ్. కొన్నిచోట్ల "ఏమీ లేదు, ఎవరో పిలిచారనుకున్నా" అని రాసింది.

ఆ చివరి మాట చూశాకే ఇంటికి వెళ్లి చూడాలనిపించింది. వెళ్లినప్పుడు ఆవిడ పనిలో ఉంది. హెడ్‌ఫోన్ ఎడమ చెవి మీద సరిగ్గా ఉంది. కుడి చెవి మీదది వెనక్కి తోసి, చెవి బయటకు పెట్టుకుంది. కాలింగ్ బెల్ వినపడాలని. తల కొద్దిగా కుడివైపు, గుమ్మం దిక్కుగా వంచి ఉంది. నొప్పి ఉన్నది కూడా ఆ వైపే. ఎవరూ పిలవని పది నిమిషాల్లో కూడా ఆవిడ సగం వంతే పనిలో ఉంది, మిగతా సగం గుమ్మం దగ్గర కాపలా ఉంది.

దీంతో నా అంచనా కుదిరింది. ఆవిడకు శబ్దం పెద్ద అడ్డు కాదు. పగలంతా ఇంటి డ్యూటీలో ఉంటూ, ఆ డ్యూటీ మీదే కూర్చుని మరో ఉద్యోగం చేస్తోంది. అంతరాయాల మీద గ్లోరియా మార్క్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు 2008లో వెలువరించిన అధ్యయనం ఒకటుంది. పదేపదే ఆటంకపడ్డవాళ్లు పని త్వరగానే ముగించారు, కానీ ఒత్తిడి, విసుగు ఎక్కువగా అనుభవించారు. ఈవిడ రాత్రి ఒంటిగంటకు "అయిపోయింది కానీ ఏడుపొస్తోంది" అని నోట్‌బుక్‌లో రాసుకున్న మాటకు అది సరిగ్గా సరిపోతుంది.

ప్రయత్నించినవి

మొదట బెడ్‌రూమ్ మూల సరిచేశాం. ఖర్చు తక్కువ, మెడకు ఎలాగూ అవసరం. బాబు పాత స్టడీ టేబుల్, లాప్‌టాప్ కింద స్టాండు, స్క్రీన్ పైఅంచు కంటి ఎత్తుకు, విడిగా కీబోర్డు, మోచేతులు నడుము పక్కన వంగి ఉండేలా కుర్చీ మీద దిండు, వెలుతురు పక్క నుంచి వచ్చేలా కిటికీకి అడ్డంగా కూర్చోవడం. వీటికి తోడు పగలు పది నుంచి ఒంటిగంట దాకా తలుపు వేసుకోవడం.

మెడనొప్పి తగ్గింది. నాలుగో గడి మాత్రం అలాగే ఉంది. అత్తగారు పిలవడం మానేసి మెల్లిగా తలుపు తట్టడం మొదలుపెట్టారు. "పడుకున్నావేమో అనుకున్నానమ్మా" అని గొంతు తగ్గించి. ఆ గొంతు తగ్గించడం పిలుపు కంటే ఎక్కువ గుచ్చుకుంటోందని చెప్పిందీవిడ. పైగా పగటిపూట కోడలు గది తలుపు వేసి ఉంటే మన ఇళ్లలో దానికి వేరే అర్థాలుంటాయి. ఒకరోజు ఆడపడుచు వచ్చి "వదినకు ఒంట్లో బాగాలేదా, ఏమైనా గొడవా?" అని అడిగింది. ఆ తలుపు ఆవిడకు ప్రశాంతత ఇవ్వకపోగా కొత్త సంజాయిషీ తెచ్చిపెట్టింది. బల్ల ఉంచాం, తలుపు నియమం తీసేశాం.

తర్వాత గ్రంథాలయం. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం లాంటి చోట్లు గ్రూప్స్‌కీ పోటీ పరీక్షలకూ చదివేవాళ్లతో నిండి ఉంటాయి. ఆవిడ వెళ్లినచోటా అంతే. సీటు దొరికింది, పిలిచేవాళ్లు లేరు, చుట్టూ దీక్షగా చదువుతున్న పిల్లలు. కానీ ఆవిడ రాసిన ప్రతి లైనూ పెదాలతో పలికి చూసుకుంటుంది. నోటికి తిరగని మాట ప్రేక్షకుడి కంటికీ తిరగదని ఆవిడ నమ్మకం, అది సరైన పద్ధతే. అంత నిశ్శబ్దంలో గొణుక్కుంటుంటే పక్కవాళ్లు తలెత్తి చూశారు. లాప్‌టాప్ వదిలి బాత్రూమ్‌కు వెళ్లడానికి కూడా భయం. నిశ్శబ్దం దానంతట అది మంచిదే, కానీ పనికి నోరు కావాలి అన్నప్పుడు అదే అడ్డు.

కెఫేకు వెళ్లకుండానే కాదనుకున్నాం. ముందు ఆవిడ ఒప్పందం తీసి ఇద్దరం చదివాం. విడుదల కాని సిరీస్ తెర ఇతరులకు కనపడకూడదు, పబ్లిక్ వైఫై వాడకూడదు అని స్పష్టంగా ఉంది. సృజనాత్మక పనులు చేసే ఫ్రీలాన్సర్లు చాలామంది ఈ పేజీ చదవరు. చోటు ఎంచుకునే ముందు చదవాల్సింది ఇదే. ఇంకో కారణం పక్క టేబుల్ మాటలు. 1976లో కోల్, వెల్ష్ అనే పరిశోధకులు చేసిన ప్రయోగంలో తమకు తెలియని భాషలో మాటలు వినిపిస్తున్నా జనం అక్షరాలను వరసలో గుర్తుపెట్టుకోవడంలో ఎక్కువ తప్పులు చేశారు. మాటలతో చేసే పనికి మాటలే శత్రువు, ఫ్యాన్ హోరు అంత కాదు. నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్లు కూడా ఏసీ హోరు లాంటి ఎడతెగని శబ్దాన్ని అణిచినంతగా మనిషి గొంతును అణచలేవు.

కో-వర్కింగ్ మిగిలింది. నెల డబ్బు కట్టకుండా మూడు వేర్వేరు రోజులకు డే పాస్ తీసుకోమన్నాను. తెర గోడవైపు ఉండే మూల సీటు, పక్కన ఒక సేల్స్ టీమ్, సొంత హాట్‌స్పాట్. మొదటిరోజు రెట్టింపు పని జరిగింది, ఫోన్ చేసి చెప్పింది. రెండోరోజు పదకొండుకు ఇంటి నుంచి ఫోన్: గ్యాస్ వచ్చింది, కోడ్ ఏంటి? పన్నెండుకు: ప్లంబర్ వచ్చాడు, ఏ కుళాయి చూపించాలి? మూడోరోజు ఫోన్ ఏదీ రాలేదు, అయినా ఆవిడ పది నిమిషాలకోసారి ఫోన్ తిప్పి చూసుకుంది. వెళ్లడానికి యాభై నిమిషాలు, మూడుంబావుకు స్కూల్ వ్యాన్ వచ్చేలోగా ఇంట్లో ఉండాలి. చేతికి మిగిలేది మూడు గంటల లోపే.

ఈ కేసులో నాకు అన్నిటికంటే ఎక్కువ చెప్పింది ఆ రెండోరోజు. ఆవిడ ఊరు దాటి వెళ్లింది, డ్యూటీ మాత్రం ఆవిడ హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. ఆ డ్యూటీని ఎవరూ అందుకోలేదు కాబట్టి, ఎవరికీ అప్పగించలేదు కాబట్టి, ఏ చోటికెళ్లినా కుడి చెవి బయటే ఉంటుంది. చోటు మార్చే ముందు డ్యూటీ మార్చాలి.

పనిచేసినవి

ఆవిడ ఒప్పుకున్నాక ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి మాట్లాడాను. అత్తగారిని ముందు అడిగాను, ఆవిడే పగలంతా ఇంట్లో ఉండే మనిషి కాబట్టి. కోడలికి సాయం చేయండి అని చెప్పడానికి వెళ్లలేదు. కోడలు చేసే పని గురించి ఆవిడకేం తెలుసో వినడానికి వెళ్లాను. "ఏం పనో నాకు తెలీదమ్మా. చెవుల్లో అవి పెట్టుకుని సినిమాలు చూస్తుంది. చూసిందే చూస్తుంది" అన్నారు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఆవిడకు కనపడినంత మేరకు అది నిజం.

ఇప్పటికే విడుదలైన ఒక సిరీస్, ఈవిడ సబ్‌టైటిల్స్ రాసినది, టీవీలో పెట్టించాను. పెద్దావిడ కింద వస్తున్న తెలుగు చదువుతూ, కాసేపటికి "ఇదంతా నువ్వు రాసిందేనా?" అన్నారు. ఇంకాసేపటికి, "ఆ ముసలావిడ కొడుకుని అంత మర్యాదగా అనదే అమ్మాయ్, ఒరేయ్ అంటుంది" అన్నారు. కోడలు నోట్‌బుక్ తీసి రాసుకుంది. ఆ ఇంట్లో ఆ పనిని పనిగా చూడటం అప్పుడు మొదలైంది.

ఆ తర్వాత పంపకం తేలికైంది. గ్యాస్ బుకింగ్, కొరియర్ల నంబరు భర్త ఫోనుకు మారాయి. కోడ్ ఆయనే అత్తగారికి చెబుతాడు. ట్యాంకర్, వాచ్‌మన్ డబ్బులు ఒక డబ్బాలో. మాత్రలు రోజువారీ గళ్లున్న పెట్టెలో. "పది నుంచి ఒంటిగంట దాకా ఇల్లు నేను చూసుకుంటా, నువ్వు పో" అన్నది అత్తగారి మాట. ఏ సందర్భంలో పిలవొచ్చో కూడా ముందే అనుకున్నాం: స్కూల్ నుంచి ఫోన్ వస్తే, అత్తగారికి కళ్లు తిరిగితే. ఇలా తేల్చడం అవసరం. నిజంగా అవసరమైతే పిలుస్తారని నమ్మకం ఉంటేనే, పిలుపు కోసం చెవి రిక్కించడం ఆగుతుంది.

ఇక చోటు. అదే అపార్ట్‌మెంట్ కింది అంతస్తులో ఒక వృద్ధ దంపతులున్నారు. పిల్లలిద్దరూ అమెరికాలో. ఒక గది ఖాళీ. నిశ్శబ్దమైన ఇల్లేమీ కాదు, కుక్కర్ విజిళ్లు, సందులో కూరగాయల బండి. అయినా మా అవసరాలకు సరిపోయింది. రెండు నిమిషాల నడక, ఒప్పందానికి తగ్గ ఆంతరంగికత, నోటితో చదువుకున్నా వింతగా చూసేవాళ్లు లేరు. అన్నిటికీ మించి ఆ ఇంట్లో బెల్ మోగితే లేవాల్సింది ఆవిడ కాదు.

వాళ్లు డబ్బు వద్దన్నారు. "మా అమ్మాయిలాంటిదానివే" అన్నారు. అద్దె ఇచ్చి తీరాలని నేను పట్టుబట్టాను. ఉచితంగా తీసుకున్న గదికి మొహమాటం వడ్డీగా పెరుగుతుంది. పదిన్నరకు కాఫీ కలిపిస్తే కూర్చుని మాట్లాడాలి, ఆన్‌లైన్‌లో కరెంటు బిల్లు కట్టమంటే కట్టాలి. పై ఇంటి డ్యూటీ దించుకుని కింది ఇంటి డ్యూటీ ఎత్తుకున్నట్టవుతుంది. నెలకు 2,500, కరెంటుతో కలిపి, వారంలో ఐదు రోజులు, పది నుంచి ఒంటిగంట. ఒక కాగితం మీద రాసుకున్నారు. కాఫీ ఒంటిగంటకు, వెళ్లేముందు. మధ్యాహ్నం సీరియళ్లు మొదలయ్యేసరికి ఆవిడ అక్కడ ఉండదు, కాబట్టి టీవీ మాటల గొడవా లేదు.

ఆ మూడు గంటల్లో అనువాదం తప్ప ఇంకేమీ చేయకూడదన్నది నియమం. మెయిల్ కూడా తెరవకూడదు. ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తారో సిరీస్‌కొక పేజీ పెట్టి రాసుకోవడం మొదలుపెట్టింది. టైమింగ్, బిల్లులు మధ్యాహ్నం బెడ్‌రూమ్ బల్ల దగ్గర. అక్కడ ఎవరు పిలిచినా నష్టం లేదు. సరిచూసే పని బాబు హోమ్‌వర్క్ చేసుకునేటప్పుడు పక్కనే.

మేం కెనడియన్ ఆక్యుపేషనల్ పర్ఫార్మెన్స్ మెజర్ అనే కొలత వాడతాం. పని ఎలా సాగుతోందో, దానితో ఎంత తృప్తిగా ఉన్నారో ఆ మనిషే పదికి మార్కులు వేసుకోవాలి. మొదట పనికి 3, తృప్తికి 2 వేసుకుంది. పది వారాల తర్వాత 7, 8. రెండు మార్కులు పెరిగితేనే చెప్పుకోదగ్గ మార్పుగా లెక్కిస్తారు. రాత్రి పని విడుదల తేదీ దగ్గరపడిన వారాలకు పరిమితమైంది. హెడ్‌ఫోన్ రెండు చెవుల మీదా ఉంటోంది.

డిసెంబర్‌లో వచ్చిన పరీక్ష

డిసెంబర్‌లో ఆ దంపతుల కూతురు కుటుంబంతో అమెరికా నుంచి వచ్చింది. గది నెలరోజులు లేదు. ఆవిడ మళ్లీ అదే కో-వర్కింగ్‌కు, అనువాదం ఉన్న రోజుల్లో మాత్రమే డే పాస్ తీసుకుని వెళ్లింది. అదే సీటు, అదే యాభై నిమిషాల దూరం, పక్కన అదే సేల్స్ టీమ్. ఈసారి పని సాగింది. ఫోన్ బ్యాగులోంచి తీయలేదని చెప్పింది. అంతకుముందు అక్కడ ఓడిపోయింది చోటు వల్ల కాదన్న నా అంచనాకు ఇంతకంటే మంచి రుజువు దొరకదు.

మరొకరి విషయంలో

ఇప్పుడు ఎవరైనా చోటు లేదని వస్తే నేను మొదట అడిగేది "మీరు పని చేసేటప్పుడు బెల్ మోగితే ఎవరు లేస్తారు?" అని. "నేనే" అంటే బల్లలూ కుర్చీలూ తర్వాత. అసలు విరిగిపోయే పని ఏదో వేరుచేసి, దానికి ఎన్ని గంటలు కావాలో చూసి, ఆ గంటలకు మాత్రమే డ్యూటీ ఎవరికి ఇవ్వగలరో ఇంట్లోవాళ్లతో కలిసి వెతుకుతాను. రోజంతటికీ అడిగితే ఏ ఇల్లూ ఒప్పుకోలేదు, మూడు గంటలకు చాలా ఇళ్లు ఒప్పుకున్నాయి.

ఇది అందరికీ కుదరదు. చంటిబిడ్డో, మంచం పట్టిన మనిషో ఇంట్లో ఉండి, చూసుకోవడానికి రెండో మనిషి లేకపోతే పంచుకోవడానికి ఎవరున్నారు? అలాంటివాళ్లకు ఎంత మంచి గది చూపించినా ప్రయోజనం లేదు. ముందు ఆయా జీతమో, క్రెష్ ఫీజో లెక్క వేయాలి. ఆ ఖర్చును పని ఖర్చుగానే చూడమని చెబుతాను. ఒంటరిగా గదిలో ఉండి పనిచేసే కుర్రాళ్ల సమస్య పూర్తిగా తలకిందులు. వాళ్లను పిలిచేవాళ్లే లేరు, మధ్యాహ్నం రెండయినా మంచం దిగరు. ఈవిడకు పనికిరాని గ్రంథాలయం వాళ్లలో కొందరికి బాగా పనిచేసింది, చుట్టూ చదువుతున్నవాళ్లు కనపడితే చాలు కూర్చోగలిగారు.